సాక్షి దిబ్బ

దేవరకద్ర దాటి కౌకుంట్ల వైపు
పట్టాల పక్కన నడిస్తే
వరసగా గుంతలు.
చెరువులనుకుంటారు కొత్తవాళ్లు.
కట్టకోసం మన్ను ఎత్తిన చోట్లవి,
కృష్ణ ఒడ్డు దాకా ఇట్లాగే.
ఒక్కో గుంత నడుమ
తవ్వకుండా వదిలేసిన ఒక నిలువు మన్ను,
నెత్తిన పాత గడ్డితో.

సాక్షి దిబ్బ అంటాం మేం, వడ్డెరోళ్లం.
భూమి మొదట ఎంత ఎత్తున ఉండేదో
అది చెప్పాలి.
దాని ఎత్తు కొలిచి, తవ్విన లోతు కట్టి,
నూరు ఘనపుటడుగులకు ఇన్ని పైసలని
కైకిలి ఇస్తారు.
మనిషి మాట చెల్లని చోట
మన్నుచేత సాక్ష్యం చెప్పించే ఏర్పాటు.

నిజాం సర్కారు చిన్న బండి గద్వాలకు పోవాలని
పారశీ గుత్తేదారు డేరాలేసిన ఏడు
మా ముత్తవ్వ వల్లెపు ఉసేనమ్మ
ఇక్కడ గంప మోసింది.
పెనిమిటి తిప్పన్నది గడ్డపార.
జొన్నరొట్టెలో దుమ్ము, కంట్లో దుమ్ము,
చంకలో పిల్లకు పాలిచ్చినా
ముందు దుమ్మే తుడవాలి.

కొలత రోజు
ఓవర్సీరు మదార్ సాబు టేపుతో దిగేవాడు.
దిబ్బ నెత్తిన బూటుకాలితో ఒక్క తొక్కు తొక్కి
"ఇప్పుడు పట్టు" అనేవాడు.
ఆ తొక్కులో
రెండు వేళ్ల మందం మన్ను,
ఇరవై మంది అరపూట అంబలి
అణిగిపోయేవి.

మూడోసారి తొక్కిన రాత్రి
ఉసేనమ్మ లేచింది.
వాగు గట్టున గరికను
వేళ్లతో సహా చెక్కి తెచ్చి
దిబ్బ నెత్తిన తడిపి అతికించింది,
గోడకు పిడక కొట్టినట్టు.
జానెడు.
భూమిని ఒక జానెడు
పెంచింది మా ముత్తవ్వ.

తెల్లారి మళ్లీ కొలత.
చుట్టూ గడ్డి ఎండి పసుప్పచ్చ,
దిబ్బ మీద మాత్రం గరిక నవనవలాడుతోంది.
మదార్ సాబు చూశాడు.
పెన్సిలు ఆగింది.
తర్వాత రాసుకున్నాడు, జానెడు కలుపుకొనే.

ఎందుకు రాశాడో.
ఆయనకూ రెండు నెలల జీతం బాకీ అని తాత అనేవాడు.
కాదు, తిప్పన్న భుజాన గడ్డపార
ఆ పొద్దు ఎట్ల ఉండెనో చూసిండని మా మేనత్త.
ఉసేనమ్మనడిగితే
"గరికె మొలిస్తె నా తప్పా?" అనేదంట.

ఆ జానెడు తెచ్చిన హాలి సిక్కా అణాలు
కొంగున ముడేసి దాచుకుని
బండి నడిచిన మొదటి నెలలో
ఒక్క స్టేషనుకు టికెట్టు కొన్నది.
కిటికీలోంచి తల బయటపెట్టి
తన గుంత ఎప్పుడొస్తదా అని చూస్తే
రెప్ప వేసి తెరిచేంతలో పోయిందట
ఆరు నెలల మన్ను.
దిగి, కట్ట వెంబడి
గుంతలు లెక్కబెట్టుకుంటూ
నడిచి వెనక్కి వచ్చింది.
"నడిస్తెనే కానొచ్చిందిరా" అన్నదంట.

చిన్న పట్టాలు పీకి
పెద్ద పట్టాలు వేసి ఏళ్లయింది.
ఇప్పుడు రెండో లైను.
నేనీ సెక్షన్లో ట్రాక్‌మన్‌ని,
ఎండకు సాగి చలికి ముడుచుకునే ఇనుముకు
కాపలా.
గుంత పూడ్చను ప్రొక్లెయిన్ వచ్చి
ఇంజను ఆపకుండా ఎదురుచూస్తోంది.
సర్వే పిల్లవాడు మూడుకాళ్ల మిషను నిలబెట్టి
దిబ్బ మీద కర్ర పట్టుకోమన్నాడు నన్ను.
నూరేళ్ల వానలకు కరిగి కరిగి
నా నడుము దాకా కూడా లేదది.
తీతువు ఒకటి మా తలల మీద తిరుగుతూ అరుస్తోంది,
గుడ్లు ఎక్కడ పెట్టిందో.

"నిటారుగా పట్టు అన్నా!"

బూట్లు విప్పి కింద పెట్టాను.
గరిక మీద ఉత్తకాళ్లతో నిలబడి
కర్రను
ఒక జానెడు పైకెత్తి పట్టుకున్నాను.